ట్యూబు ఆపితే తిరగబెట్టే తామర: నాలుగో నెల గర్భిణికి జవాబు

చిత్తూరు దగ్గర ఒక పల్లె నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఏడాది కింద మామగారికి నడుం చుట్టూ తామర మొదలైందట. తర్వాత అత్తకు, ఇంటాయనకు, ఇప్పుడు తనకు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే మూడు రోజుల్లో మాయమవుతోంది, ఆపితే వారంలో ఇంకా పెద్దదై వస్తోంది. ఇంటాయన టెర్బినాఫిన్ మాత్రలు 6 వారాలు మింగినా తగ్గలేదు. తనకు ఇప్పుడు నాలుగో నెల. అమెరికాలో ఉన్న అన్న ఒక వార్త పంపాడు, మందులకు లొంగని ఫంగస్ ఒకటి మన దేశం పేరుతో ప్రపంచమంతా పాకుతోందని. "మా ఇంట్లో ఉండేది అదేనా సార్? బిడ్డకేమైనా అవుతుందా?" అని అడిగింది.

అమ్మా, ముందు బిడ్డ సంగతి. ఈ ఫంగస్ బతికేది కెరటిన్ మీద. చర్మం పై పొరలోనూ గోళ్లలోనూ వెంట్రుకల్లోనూ ఉండే గట్టి పదార్థం అది. ప్రాణమున్న లోపలి పొరల్లోకి దిగి రక్తంలో కలిసే జబ్బు కాదు. కాబట్టి కడుపులో ఉన్న బిడ్డను చేరదు. అంతవరకు మీరు గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చు.

జాగ్రత్త పడాల్సింది కాన్పు తర్వాత. బిడ్డకు నీళ్లు పోసేటప్పుడు పెద్దవాళ్లు కాళ్లు చాపుకుని, చీర పైకి దోపుకుని, ఒంటి మీద బిడ్డను పడుకోబెట్టుకుంటారు కదా. ఆ తొడల మీద తామర ఉంటే, తడి చర్మం మీద తడి చర్మం. ఇరవై రోజుల పసికందు వీపు మీద తామర చూసినప్పుడు నేను మొదట అడిగేది "నీళ్లు ఎవరు పోస్తున్నారమ్మా?" అని. తొలి కాన్పైతే మీరు పుట్టింటికి వెళ్తారు, మీతోపాటు ఇది ఆ ఇంటికీ వెళ్తుంది. అందుకని మీ దగ్గరున్న ఈ ఐదు నెలల్లో మామగారికి, అత్తగారికి, ఇంటాయనకు ముగ్గురికీ ఒకేసారి వైద్యం మొదలుపెట్టి ముగించాలి. ఒకరు అయ్యాక ఒకరు అంటే కుదరదు. మీకు మాత్రం ఇప్పుడు పైపూత మందే, అది కూడా స్టెరాయిడ్ లేనిది. క్లోట్రిమజోల్ క్రీము గర్భిణులకు ఎన్నో ఏళ్లుగా ఇస్తున్నాం. ఇంటాయన మాత్రలు మీరు ఒక్కటి కూడా వేసుకోకండి. ఇట్రాకొనజోల్, గ్రిసియోఫుల్విన్ రెండూ గర్భంతో ఉన్నవాళ్లకు పనికిరావు. ఫ్లూకొనజోల్ కూడా మీ అంతట మీరు వేసుకోవద్దు. ఇట్రాకొనజోల్ తల్లిపాలలోకి వస్తుంది, కాబట్టి కాన్పయ్యాక కూడా మాత్ర ఏది, ఎప్పుడు అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి.

ఇక ఆ ట్యూబు. మీరు పేరు రాయలేదు గానీ మూడు రోజుల్లో మాయం, వారంలో రెట్టింపు అన్న ఆ ఒక్క మాటతో అందులో ఏముందో నాకు తెలిసిపోయింది. క్లోబెటసాల్. పైపూత స్టెరాయిడ్లలో అత్యంత బలమైన వాటిలో ఒకటి. సోరియాసిస్ లాంటి జబ్బులకు మేము లెక్కపెట్టి, రోజులు చెప్పి ఇచ్చే మందు. మన మెడికల్ షాపుల్లో దొరికే ట్యూబుల్లో దానికి ఒక యాంటీబయాటిక్, ఒక యాంటీఫంగల్, ఒక్కోసారి ఆర్నిడజోల్ కూడా కలిపి, "దురదకు, తామరకు, గజ్జికి అన్నిటికీ ఇదే" అని అమ్ముతారు. పొట్లం మీద నాలుగు మందుల పేర్లు చూసి జనం నాలుగు రెట్లు పనిచేస్తుందనుకుంటారు.

లోపల జరిగేది వేరు. ఫంగస్ పడిన చోట ఎర్రబడటం, నవ పెట్టడం మన ఒంటి కాపలా చేసే గలాటా. స్టెరాయిడ్ ఆ కాపలాను నిద్రపుచ్చుతుంది. ఎరుపు పోతుంది, నవ పోతుంది, మనకు బాగైనట్టే ఉంటుంది. ఫంగస్‌కు మాత్రం తలుపులన్నీ తీసి పెట్టినట్టే. ట్యూబు వాడుతున్న చోట చర్మం గీకి మైక్రోస్కోపు కింద పెడితే ఫంగస్ దారాలు అల్లుకుపోయి కనిపిస్తాయి. ట్యూబు ఆపగానే కాపలా మేల్కొంటుంది, ఈసారి ఎదురుగా ఉండే శత్రువు పదింతలు. దాంతో మంట, నవ రెట్టింపు. మనిషి మళ్లీ షాపుకు పరిగెత్తి అదే ట్యూబు తెచ్చుకుంటాడు. గుండ్రంగా అంచు కట్టి ఉండే తామర ఆ రూపమే పోగొట్టుకుంటుంది, వలయంలో వలయం వస్తుంది, కొన్నిసార్లు చర్మం డాక్టరు కూడా చూసి తామర అనుకోలేనంతగా మారిపోతుంది. గజ్జల్లో, తొడల లోపల చర్మం పలచబడి ఎర్రటి చారలు పడతాయి. తామర పోయినా ఆ చారలు జీవితాంతం ఉంటాయి. పదో తరగతి చదివే ఆడపిల్లల తొడల మీద ఆ చారలు చూసిన రోజు నాకు అన్నం సహించదు.

కేంద్ర ఆరోగ్య శాఖ 2018లో 14 స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. దానికి ముందు షెడ్యూల్‌లో పూతమందులకు ఒక మినహాయింపు ఉండేది, దాన్ని తీసేయించడానికి మన దేశంలోని చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి పోరాడింది. నియమం వచ్చింది. షాపు గల్లా దగ్గర ఎంత అమలవుతోందో మీ ఇంట్లో ఉన్న ట్యూబే చెబుతోంది.

ఇప్పుడు మీ అన్న పంపిన వార్త. అందులో విషయం నిజం.

తామర కలిగించే ఫంగస్‌లలో ట్రైకోఫైటాన్ అని ఒక పెద్ద కుటుంబం ఉంది. నేను తిరుపతిలో వైద్యం మొదలుపెట్టిన రోజుల్లో మన దగ్గర ఎక్కువగా కనిపించింది అందులోని ట్రైకోఫైటాన్ రూబ్రమ్. రెండు వారాల క్రీము, ఎక్కువ మేర ఉంటే టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాముల మాత్ర కొన్ని వారాలు. మనిషి మళ్లీ కనిపించేవాడు కాదు. తర్వాత పదేళ్లలో దేశమంతా పరిస్థితి మారింది. రూబ్రమ్ వెనక్కి పోయి దాని దాయాది ముందుకొచ్చింది. ఒళ్లంతా పాకుతుంది, ఇంట్లో అందరికీ అంటుతుంది, టెర్బినాఫిన్‌కు లొంగదు. 2020లో జపాన్ శాస్త్రవేత్తలు అక్కడ ఉంటున్న ఒక భారతీయుడి నుంచి, ఒక నేపాలీ నుంచి దీన్ని తీసి పరీక్షించి, వేరే జాతిగా గుర్తించి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు.

ఆ పేరు నాకు నచ్చలేదని చెప్పాలి. మన చర్మవైద్యుల్లో చాలామందికి నచ్చలేదు. కొత్త జబ్బులకు దేశాల పేర్లు, ఊళ్ల పేర్లు పెట్టవద్దని 2015లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఇది జబ్బు పేరు కాదు, ఫంగస్ పేరు అని వాదించొచ్చు. కానీ కువైట్‌లో డ్రైవరుగానో వంటమనిషిగానో ఉండే మన మదనపల్లె, రాయచోటి పిల్లలను అక్కడి యజమాని ఆ పేరు విని ఏ చూపు చూస్తాడో ఆలోచించండి.

అమెరికాలో మొదటి రెండు కేసులు న్యూయార్క్ నగరంలో బయటపడ్డాయి, 2023 మేలో ప్రచురించారు. అందులో ఒకామె మీలాగే గర్భిణి, వయసు 28. 2021 ఎండాకాలంలో ఒళ్లంతా పొక్కింది. ఆమె దేశం దాటి ఎక్కడికీ వెళ్లలేదు. కాన్పయ్యాక 2022 జనవరిలో టెర్బినాఫిన్ ఇచ్చారు, రెండు వారాలైనా గుణం లేదు. ఆ మందు ఆపి ఇట్రాకొనజోల్ ఇస్తే నాలుగు వారాల్లో పూర్తిగా తగ్గింది. రెండో ఆమెకు 47 ఏళ్లు. 2022లో బంగ్లాదేశ్ వెళ్లినప్పుడు మొదలైంది, అక్కడ ఇంట్లో ఇంకొందరికీ ఉంది, అక్కడ ఆమె రాసుకున్నది ఇదిగో ఈ స్టెరాయిడ్ కలిపిన క్రీములే. తిరిగొచ్చాక టెర్బినాఫిన్ పని చేయలేదు, గ్రిసియోఫుల్విన్‌తో చాలా మేరకు తగ్గింది. మొదటి ఆమె ఎక్కడికీ పోకుండానే అంటించుకుందంటే అర్థం, అది అప్పటికే ఆ ఊళ్లో మనిషి నుంచి మనిషికి తిరుగుతోంది. జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్, కెనడా, ఇరాన్, ఇలా చాలా దేశాల నుంచి రిపోర్టులున్నాయి.

మీ ఇంట్లో ఉన్నది అదేనా అంటే, ఉత్తరంలో చదివి తేల్చలేను. ల్యాబులో ఫంగస్‌ను పెంచి చూసే మామూలు కల్చర్‌లో కూడా ఇది దాని దాయాదుల నుంచి వేరుగా తెలియదు, జన్యు పరీక్ష చేయాలి. కానీ 6 వారాల టెర్బినాఫిన్‌కు లొంగలేదు, నలుగురికీ పాకింది అన్నప్పుడు అదే అనుకుని వైద్యం చేయడం మంచిది. 2018లో ఢిల్లీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలోనే 32 శాతం నమూనాలకు టెర్బినాఫిన్‌ను బాగా తట్టుకునే శక్తి కనిపించింది.

ఇది ఎలా తట్టుకుంటుందో మీకు చెప్పాలి, ఎందుకంటే "మందులేని జబ్బు" అన్న భయం అక్కడే పోతుంది. మన చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఊహించుకోండి. తోతాపురి కాయ ఒక వైపు నుంచి వస్తుంది. కడిగే మెషీన్, టెంక తీసే మెషీన్, వడకట్టే మెషీన్, ఇలా వరుసగా దాటి చివర గుజ్జు డబ్బాలోకెక్కుతుంది. ఫంగస్ కణంలోనూ ఇలాంటి వరుస ఒకటుంది. స్క్వాలీన్ అనే సరుకు వచ్చి, ఒక్కో మెషీన్ దాటి చివరికి ఎర్గోస్టెరాల్ అవుతుంది. అది లేకపోతే ఫంగస్ కణం పొర నిలవదు. టెర్బినాఫిన్ ఈ వరుసలో మొదట్లో ఉండే స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే మెషీన్‌లో ఇరుక్కుని దాన్ని ఆపేస్తుంది. ఎర్గోస్టెరాల్ రాదు, పైగా కదలని స్క్వాలీన్ గుట్టపడి ఫంగస్‌కే విషమవుతుంది. అందుకే ఒకప్పుడు అంత బాగా పనిచేసింది.

లొంగని ఫంగస్‌లో ఆ మెషీన్ ఒక్క చోట మారిపోయి ఉంటుంది. ఆ మెషీన్ అమైనో ఆమ్లాల గొలుసుతో కట్టిన ప్రొటీన్. ఎక్కువగా ఆ గొలుసులో 397వ స్థానంలో ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట లూసిన్ అనే ఇంకొకటి ఉంటుంది, కొన్నిటిలో మార్పు 393వ స్థానంలో. అంత చిన్న మార్పుకే టెర్బినాఫిన్‌కు పట్టు దొరకదు, మెషీన్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇట్రాకొనజోల్ అడ్డుపడేది అదే వరుసలో తర్వాత వచ్చే వేరే మెషీన్ దగ్గర. మొదటిది మారినా రెండోదాన్ని ఆపొచ్చు కదా. న్యూయార్క్ ఆమెకు తగ్గింది అందుకే. ఇట్రాకొనజోల్‌కు కూడా లొంగుబాటు తగ్గిన రకాలు కొన్ని కనిపిస్తున్నాయి, కాబట్టి దాన్ని కూడా ఇష్టం వచ్చినట్టు వాడి పాడుచేసుకోకూడదు. ఈ మాట అంటున్నప్పుడు నాకు నిజంగా భయం వేస్తుంది. చేతిలో ఉన్న మాత్రలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2015 ప్రాంతంలో కుప్పం వైపు గ్రానైట్ క్వారీలో పనిచేసే ఒకాయన నా దగ్గరికి నాలుగైదు సార్లు వచ్చాడు. "తగ్గినట్టే తగ్గి మళ్లా వస్తాండాది సార్, రాత్రిళ్లు నిద్దరే లేదు." మాత్రలు సరిగ్గా మింగడం లేదని నేను ప్రతిసారీ కోప్పడ్డాను. ఐదోసారి ఆయన సంచిలోంచి ఖాళీ అట్టలన్నీ తీసి బల్ల మీద పేర్చాడు. రబ్బరు బ్యాండు వేసి, నెలవారీగా దాచిపెట్టుకున్నాడు. ఒక్క మాత్ర మిగల్లేదు. లోపం మందులో వస్తుందని నాకు తట్టలేదు, మనిషిలో వెతికాను. ఆ రోజు ఆయన చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆ తర్వాత మందు పనిచేయలేదని ఎవరు చెప్పినా ముందు నమ్ముతున్నాను. మీ ఇంటాయన మాటా నమ్ముతున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాదకరమైన 19 ఫంగస్‌ల జాబితా ప్రకటించింది. అందులో తామర ఫంగస్ లేదు. ప్రాణం తీసేవాటికి ముందు చోటు ఇచ్చారు, అది అర్థం చేసుకోగలను. కానీ శ్రీసిటీలో నైట్ షిఫ్టు చేసే పిల్ల యూనిఫాం లోపల గోక్కోలేక ఏడుస్తూ కూర్చున్నది చూశాను. పెళ్లైన ఆరు నెలలకే వేరే గదిలో పడుకుంటున్న జంటలను చూశాను. ఈ బాధకు జాబితాలో చోటు లేకపోయినా మన ఆసుపత్రుల్లో చోటు ఉండాలి.

ముగ్గురికీ డాక్టరు ఇట్రాకొనజోల్ రాస్తే, సాధారణంగా 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 6 నుంచి 8 వారాలు, అవసరమైతే ఇంకా ఎక్కువ. ఈ క్యాప్సూల్ కడుపు నిండా తిన్న వెంటనే వేసుకోవాలి, కడుపులో పులుపు ఉంటేనే ఒంటికి పడుతుంది. మన ఇళ్లలో పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునే అలవాటు పెద్దవాళ్లకు బాగా ఉంది. ఆ మాత్ర వేసుకుంటే ఈ క్యాప్సూల్ సగం వృథా. మామగారికి గుండె బలహీనత ఉంటే ఇది అసలు ఇవ్వకూడదు. కొలెస్టరాల్ మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు దీనితో పడవు. కాబట్టి ఇంట్లో ఎవరు ఏ మాత్ర వేసుకుంటున్నా అట్టతో సహా తీసుకెళ్లి చూపించండి. లివరు పరీక్ష కూడా చేయిస్తారు. ఒకే మందు పేరుతో కంపెనీ కంపెనీకి నాణ్యతలో తేడా ఉంటుంది. క్యాప్సూల్‌లోని చిన్న గుళికలు ఎలా తయారయ్యాయన్న దాని మీద ఒంటికి ఎంత పడుతుందో ఆధారపడుతుంది. మరీ చవకదని షాపువాళ్లు వేరేది మార్చి ఇస్తే డాక్టరును అడగకుండా తీసుకోవద్దు. మచ్చ మాయమైన రోజే మాత్ర ఆపొద్దు.

ఇంట్లో చేయాల్సింది ఇంకో సగం. మొదట మొలతాడు. ఇది చెప్పగానే చాలామంది ముఖం మాడుస్తారు, నాకు తెలుసు. చెమటలో నానిన ఆ దారంలో పొలుసులు ఇరుక్కుని ఉంటాయి, మామగారికి నడుం చుట్టూ మొదలైందన్నారు కదా. పారేయమని నేను చెప్పను. తీసి దేవుడి గూట్లో పెట్టండి, జబ్బు పూర్తిగా పోయాక కొత్తది కట్టుకోండి. అత్తగారికి లంగా బొందు బిగించే చోట ఇదే సంగతి, బొందు కాస్త వెడల్పుగా, వదులుగా కట్టుకోమనండి. తువ్వాళ్లు, దుప్పట్లు, లోపలి బట్టలు ఎవరివి వాళ్లకే. జబ్బున్నవాళ్ల బట్టలు విడిగా, మరీ వేడి నీళ్లలో నానబెట్టి ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి. మన తిరుపతి ఎండను అందరం తిట్టుకుంటాం, దీనికి మాత్రం అది చాలా మంచిది. కుట్ల మీద ఇస్త్రీ గట్టిగా పోనివ్వండి. తడి ఆరని డ్రాయరు, బిగుతు జీన్సు వద్దు. డెట్టాల్ నీళ్ల స్నానాలు, వెల్లుల్లి నూరి పూయడం అస్సలు వద్దు. వెల్లుల్లితో బొబ్బలెక్కి, పుండు పడి వచ్చిన వాళ్లకు ముందు పుండుకు వైద్యం చేయాల్సి వస్తోంది.

చూపించుకోవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. చిత్తూరు ప్రభుత్వాసుపత్రిలో గానీ తిరుపతి రుయాలో గానీ చర్మవ్యాధుల ఓపీకి నలుగురూ కలిసి ఒకే రోజు వెళ్లండి. అంచు దగ్గర చర్మం కొద్దిగా గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూసే కేఓహెచ్ పరీక్ష చేస్తారు, నొప్పి ఉండదు. వెళ్లే ముందు కొన్ని రోజులు ఆ చోట ఏ క్రీమూ రాయకండి, రాసి ఉంటే ఫంగస్ దొరక్కపోవచ్చు. కల్చర్ పెడితే ఫలితానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, అంతవరకు వైద్యం ఆగదు.

ఒక్కటి ముందే చెప్పి ఉంచుతాను. ట్యూబు ఆపిన మొదటి పది పదిహేను రోజులు ఇప్పటికంటే ఎక్కువ నవ, ఎక్కువ ఎరుపు ఉంటుంది. కొత్త మందు పడలేదని అనుకుంటారు, రాత్రి రెండు గంటలకు ఆ పాత ట్యూబు గుర్తొస్తుంది. నా దగ్గరకొచ్చేవాళ్లలో ఎక్కువమంది వెనక్కి జారేది ఆ రోజుల్లోనే. అప్పుడు చల్లటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ పదిహేను నిమిషాలు పరిచి, తర్వాత బాగా తుడుచుకుని పొడిగా ఆరనివ్వండి. మీకు రాత్రికి వేసుకోదగ్గ నవ మాత్ర ఏదో మీ కాన్పుల డాక్టరమ్మను ముందే అడిగి రాయించుకోండి. ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ, సగం వాడినవి, మూత పోయినవి కూడా, ఒక కవర్లో వేసుకుని ఓపీకి తీసుకెళ్లండి. డాక్టరుకు చూపించాక తిరిగి ఇంటికి తేవద్దు.